గడియ పడ్డాక పాట

కొండవాళ్ల నాటక కంపెనీలో మొహానికి రంగు పూసుకుని తెర ముందుకు వచ్చిన మొట్టమొదటి కిందివాడు మన రేకుపనాయన. ఆయన గురించి చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి గానీ, ముందుగా చెప్పుకోవాల్సింది ఇదే. మంచైనా చెడైనా తక్కినవన్నీ దీని వెనకాలే నడిచి వచ్చాయి.

కిందివాళ్లంటే వేరే ఎవరో కాదు. ఈ కొండ ఊళ్లో తరతరాలుగా ఉన్నవాళ్లు, బయటి నుంచి వచ్చి స్థిరపడ్డ మనబోటివాళ్లకి పెట్టుకున్న పేరు. నిన్న బస్సు దిగినవాడూ కిందివాడే, తాతల నాడు వచ్చినవాడి మనవడూ కిందివాడే. రేకుపనాయన తాత కొండెక్కే రోడ్డు వేస్తున్నప్పుడు రాళ్లు కొట్టడానికి వచ్చాడు. బెత్తెడు నేల కొన్నది లేదు, ఒకరిది లాక్కున్నదీ లేదు. రోడ్డు పైదాకా వెళ్లేసరికి ఒంట్లో సత్తువ అయిపోయి, కూలీల షెడ్డులోనే కన్ను మూశాడు. ఆ షెడ్డులోనే కొన్నాళ్లకి మన రేకుపనాయన పుట్టాడు. తండ్రి దగ్గర రేకులు కత్తిరించడం, టంకం వేయడం నేర్చాడు. వీధిలో ఆడుకుంటూ కొండ భాష నేర్చాడు. ఎవరూ నేర్పలేదు, ఏది ముందు వచ్చిందో ఆయనకే తెలియదు.

కంపెనీ పెట్టింది కవి మాస్టారు. కొండ పిల్లల బడిలో పాఠాలు చెప్పిన ఆ మహానుభావుడు, అప్పటిదాకా పాటకీ తిట్టుకీ తప్ప పనికిరాదని అందరూ తీసిపారేసిన కొండ భాషలో నాటకాలు రాశాడు. దీపాల వెలుగు వేదిక మీదే పడేలా వంపు తిరిగిన రేకులు కావాలని ఆయన ఒకరోజు కొట్టుకి వచ్చాడు. రేకులు చేసిచ్చిన కుర్రవాడు వాటిని బిగించడానికి వెళ్లాడు, దీపాలు చూసుకోవడానికి ఉండిపోయాడు, చూస్తూ చూస్తూ అన్ని వేషాల మాటలూ కంఠతా పట్టేశాడు. ఎవరు మాట మరిచిపోయినా తెర వెనక నుంచి టక్కున అందించేవాడు. అప్పటికే తాత వేషంలో పేరు తెచ్చుకున్న కమ్మరాయన, “దీపాలవాడు లేకపోతే నా నోరు లేవదు బావా” అని అందరి ముందూ అనేవాడు. అలా మొదలైన బావ పిలుపు ఇద్దరికీ జుట్టు నెరిసినా పోలేదు.

అసలు నాటకం ఇదీ. కొండవాలులో ఒక తాతకి చిన్న పొలం ఉంటుంది. దాహంతో ఒక కిందివాడు వస్తాడు. తాత నీళ్లిచ్చి, అరుగు మీద చోటిస్తాడు. వచ్చినవాడు కొట్టు పెట్టి, అరువిచ్చి, మాయమాటలు చెప్పి, చివరికి పొలం మింగేస్తాడు. ఊరంతా ఏకమై వాడిని వెళ్లగొడుతుంది. ఇది కవి మాస్టారు కల్లోంచి తెచ్చిన కథ కాదు. వాళ్ల నాయనమ్మ పొలం పోయింది అలాగే.

ఆ షావుకారు వేషం మొదట్లో ఒక కొండ రైతు కట్టేవాడు. ఆట చూసొచ్చిన వాళ్లత్త ఆయనకి అన్నం పెట్టడం మానేసింది. “వేషమే కదత్తా” అని ఎంత మొత్తుకున్నా, “ఏమో నాయనా, నీ బుద్ధి లోపల ఎక్కడుందో” అందట. ఆయన దండం పెట్టి తప్పుకున్నాడు. అప్పుడు మన దీపాలాయన నోరు తెరిచి, నేను కడతానన్నాడు. కంపెనీ రెండుగా చీలింది. నాటకం మనది, మాట మనది, కిందివాడు వేదికెక్కడమేమిటని సగంమంది లేచిపోయారు. వానలు వెలిసేదాకా ఆ వాదన నడిచింది. ఈయన ఒక్క మాట ఎదురాడలేదు. రోజూ వెళ్లడం, దీపాలు తుడవడం, ఎవరూ లేనప్పుడు ఖాళీ వేదిక మీద వేషం నడిచి చూసుకోవడం. చివరికి కమ్మరాయనే తెగ్గొట్టాడు.

“కిందివాణ్ణి తిట్టడానికి కిందివాడే దొరికాడు. ఇంకా ఏం కావాలిరా మీకు? మనవాణ్ణి తిట్టి మనమే బాధపడటం దేనికి?”

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో వేషం దక్కింది.

దక్కాక తెలిసింది అసలు కష్టం. రిహార్సల్సులో ఆయన మొదటి మాట అనగానే కవి మాస్టారు చెయ్యెత్తి ఆపేశాడు.

“అలా కాదయ్యా. మరీ శుభ్రంగా మాట్లాడుతున్నావు. కిందివాడు మాట్లాడినట్టు మాట్లాడు.”

“నేను కిందివాణ్ణే కదండీ మాస్టారూ.”

“నిన్ను కాదయ్యా అంటున్నది. కిందివాళ్లని.”

రేకుపనాయన సంత దగ్గర నిలబడి, కొత్తగా వచ్చిన వ్యాపారులు కొండ భాషని ఎలా నమిలి ఊస్తారో విని, ఆ ముక్కలన్నీ ఏరుకొచ్చి నాలిక మీదికి ఎక్కించుకున్నాడు. వచ్చిన భాషని రానట్టు మాట్లాడటం రాని భాష నేర్చుకోవడం కంటే కష్టమని చేసి చూసినవాడికే తెలుస్తుంది. మొదటి ఆటలో షావుకారు నోరు విప్పగానే హాలు హాలంతా పడిపడి నవ్వింది, ఆట సగమయ్యేసరికి పళ్లు కొరికింది. ముందు వరసలో ఒక ముసలమ్మ కర్ర విసిరింది. ఆ కర్రని ఆయన ఇంటికి తెచ్చుకుని దాచుకున్నాడు. నటుడికి అంతకంటే పతకం ఏముంటుంది?

అసలు పతకాలూ వచ్చాయి. జిల్లా పోటీల్లో ఉత్తమ ప్రతినాయకుడు, ఒకసారి కాదు. కవి మాస్టారు తర్వాత రాసిన నాటకాలన్నింటిలోనూ ఆయన ఉన్నాడు, కలప కాంట్రాక్టరుగా, సారా కొట్టువాడిగా, సర్వే గొలుసు లాక్కొచ్చే దళారిగా. హాలు కప్పు కారితే ఎక్కి రేకులు మార్చింది ఆయనే. నాటకం చివర పడే గడియ ఆలోచన కూడా ఆయనదే. దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

చివరి రంగంలో ఊరివాళ్లు “పో! పో!” అని అరుస్తారు. హాల్లో జనం కూడా గొంతు కలుపుతారు. షావుకారు మూట నెత్తిన పెట్టుకుని వేదిక మెట్లు దిగి, జనం మధ్యలోంచి నడిచి, హాలు వీధి తలుపు దాటి బయటికి వెళ్లిపోతాడు. కాపలాదారు తలుపు మూసి గడియ వేస్తాడు. ధడాలుమని ఆ ఇనుము పడ్డ చప్పుడు వినబడ్డాకే తాత పిడికెడు మట్టి పట్టుకుని చివరి పాట ఎత్తుకుంటాడు. మొదట్లో పాట చప్పగా మొదలయ్యేది. “తలుపుకి బరువైన గడియ పెడదాం మాస్టారూ, చప్పుడు వచ్చాక పాట ఎత్తుకోమనండి” అన్నది మన రేకుపనాయన. గడియ చేసింది కమ్మరాయన. ఆ రోజు నుంచి పాటకి జనం లేచి నిలబడటం మొదలుపెట్టారు.

పాటయ్యాక కంపెనీ అంతా చేతులు పట్టుకుని వరసగా నిలబడతారు. ఒక్కొక్కరినీ ఇంటిపేరుతో, నాన్న పేరుతో పిలుస్తారు, జనం చప్పట్లు కొడతారు. షావుకారు మాత్రం హాలు ఖాళీ అయ్యేదాకా లోపలికి రాకూడదు. వెళ్లగొట్టినవాడు వెంటనే నవ్వుతూ తిరిగొస్తే పాట పాడైపోతుందని కవి మాస్టారు పెట్టిన నియమం. న్యాయమైనదే. అందుకే ముప్ఫై ఏళ్లుగా వందల ఆటలు ఆడిన మనిషి, వేషం కట్టాక ఆ నాటకం చివరి పాట ఒక్కసారీ చూడలేదు. బయట మెట్ల మీద మూట పక్కన పెట్టుకుని కూర్చుని, తలుపు సందులోంచి వింటాడు. ఆయన పేరు ఆ వరసలో ఎవరూ పిలవలేదు.

ఇంతలో వేషం మెల్లగా వీధిలోకి వచ్చేసింది. రేకుపనాయన అన్న పిలుపు పోయి షావుకారు అన్న పిలుపు మిగిలింది. ఆయన ఉండేది రెండు అద్దె గదులు. ముందు గది కొట్టు, వెనక గదిలో పొయ్యి, మంచం, ఇంటావిడ కుట్టు మిషను. అయినా షావుకారే. పేరైతే సర్దుకోవచ్చు. భాష సంగతే మింగుడు పడలేదు. బకెట్టుకి అడుగు వేయించుకోవడానికి వచ్చిన కొండ ఆడవాళ్లు ఆయనతో ఒక్కొక్క మాటా విడదీసి, చెవిటివాడికి చెప్పినట్టు చెప్పేవారు. ఆయన శుభ్రమైన కొండ భాషలో జవాబిస్తే ఒకరినొకరు చూసుకుని నవ్వేవారు.

“ఏం షావుకారూ, ఇవాళ మనవాళ్ల వేషం కట్టావా?”

అంటే సొంత మాట మాట్లాడితే వేషం, వేషంలో మాట మాట్లాడితే సొంతం. చివరికి విసిగిపోయి, గిరాకీ త్వరగా తెమలడానికి కొట్లో కూడా నమిలిన మాటలే మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. అప్పుడు ఎవరూ నవ్వేవారు కాదు. పని చెప్పి వెళ్లిపోయేవారు.

పోనీ మనవాళ్లయినా నెత్తిన పెట్టుకున్నారా? అదీ లేదు. కిందివాళ్ల సంఘంలో బట్టల కొట్టాయన ఒకరోజు ఊగిపోతూ వచ్చాడు.

“నువ్వు మా అందరి పరువూ బజార్న పెడుతున్నావయ్యా. కొండవాళ్ల తిట్లు చాలవా, నువ్వు కూడా తోడయ్యావా?”

“నాటకం కదండీ.”

“నాటకమా? ఆ దగ్గు ఎవరిది? బేరం మొదలుపెట్టే ముందు రెండుసార్లు గొంతు సవరించుకుని, చెవి వెనక గోక్కుంటావే, అదెవరిది?” అంటూ బట్టల కొట్టాయన రెండుసార్లు గొంతు సవరించుకుని చెవి వెనక గోక్కున్నాడు.

లోపలి గదిలో కుట్టు మిషను ఆగిపోయింది. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత సంఘం పిలుపులు ఈ ఇంటికి రావడం మానేశాయి.

ఒకసారి ఆయన కవి మాస్టారిని అడిగాడు కూడా. “మాస్టారూ, కిందివాళ్లలో ఒక రాళ్లు కొట్టేవాణ్ణి కూడా పెట్టండి. పెద్ద వేషం అక్కర్లేదు. తాత దగ్గర నీళ్లు తాగి, దండం పెట్టి, రోడ్డు పనికి వెళ్లిపోతాడు. అంతే.”

కవి మాస్టారు చాలాసేపు ఆలోచించాడు. మంచి మనిషి, తేలిగ్గా తీసిపారేసేవాడు కాదు. “వాడొస్తే జనానికి జాలి వేస్తుంది. జాలి వేసిన జనం ఎవరిని పొమ్మంటారయ్యా? రాస్తాను. వేరే నాటకంలో రాస్తాను” అన్నాడు. ఆ నాటకం రాయకుండానే పోయాడు.

కంపెనీ ఆయన కూతురి చేతికొచ్చింది. మాస్టారి అమ్మాయి కూడా బడిలోనే పాఠాలు చెబుతుంది. మన రేకుపనాయన చేసిచ్చిన రేకు బొమ్మలతో ఆడుకుని పెరిగింది, బాబాయ్ అని తప్ప పిలవదు. ఈ ఏడాది, కింద మైదానంలోని పెద్ద ఊరి నుంచి నాటక పోటీలకి రమ్మని కంపెనీకి పిలుపొచ్చింది. అంత దూరం కంపెనీ ఎప్పుడూ వెళ్లలేదు. సరిగ్గా అప్పుడే కమ్మరాయన గొంతు పోయింది. కొలిమి పొగ అన్నారు, వయసన్నారు. ఏదైనా, మిగిలింది గుసగుస మాత్రమే.

ఆ రోజు రేకుపనాయన ఇంటికొచ్చి అన్నం ముందు ఊరికే కూర్చున్నాడు.

“ఏమయ్యా, ఏమైంది?” అంది ఆవిడ.

“తాత వేషం అడుగుదామనుకుంటున్నాను.”

ఆవిడ గరిటె కింద పెట్టింది. “ఇస్తారా?”

“ప్రతి మాటా వచ్చు. ‘నేను ఈ వాలులో పుట్టాను, ఈ గాలికి నా ఊపిరి తెలుసు’ అన్న మాట ఉందే, అది బయట మెట్ల మీద కూర్చుని నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో. అబద్ధమేమీ కాదుగా. నేనూ ఇక్కడే పుట్టాను.”

“నాకు చెప్పడం దేనికి, వాళ్లకి చెప్పు” అంది ఆవిడ. ఆ మాటలో ధైర్యమూ ఉంది, భయమూ ఉంది.

అడిగాడు. మాస్టారి అమ్మాయి మొహం చిన్నబోయింది. “బాబాయ్, నిన్ను చూడగానే జనం తలుపు వైపు చూస్తారు” అంది. కమ్మరాయన పక్కనే ఉన్నాడు. అందరూ వినడానికి దగ్గరికి వంగాల్సి వచ్చింది. “నా మాటలు నాకంటే మా బావకే బాగా వచ్చు. కట్టనివ్వండి” అన్నాడు గుసగుసగా.

కింద ఊరికి వెళ్లేముందు సొంత హాల్లో ఒక ఆట ఆడి చూద్దామని, అది కుదిరితే తాత వేషం ఇక ఆయనదేనని ఒప్పుకున్నారు. షావుకారు వేషానికి లారీ డ్రైవరు పని చేసే ఒక కొండ యువకుణ్ణి తీసుకున్నారు. వాడికి సొంత భాష విరవడం చేతకాలేదు. రేకుపనాయనే కూర్చోబెట్టి నేర్పాడు.

“ఇలా పలికితే మా అమ్మ చెంప పగలగొడుతుంది బాబాయ్.”

“పగలగొట్టేదాకా పలుకు. అప్పుడు వచ్చినట్టు లెక్క.”

ఆట రోజున ఆవిడ హాల్లో వెనక వరసలో కూర్చుంది. తెర లేచింది. నెరిసిన గడ్డంతో, భుజాన గొంగళితో తాత పొలంలోకి వచ్చాడు. ఒక్క క్షణం ఎవరూ గుర్తుపట్టలేదు. తర్వాత ఒక గొంతు లేచింది.

“ఒరేయ్, షావుకారు గడ్డం పెట్టాడ్రోయ్!”

ఇంకొకటి అందుకుంది. “పొలం కాజేసింది చాలలేదు, ఇప్పుడు తాతని కూడా కాజేశాడు!”

హాలంతా గొల్లుమంది. ఆయన ఆగలేదు. వంగి, కలుపు పీకుతున్నట్టు చేతులు ఆడిస్తూ, మెల్లగా మొదటి మాట అన్నాడు. నలగని, నమలని, శుభ్రమైన కొండ మాట. నవ్వు పలచబడింది. నీళ్లిచ్చే రంగానికి హాలు సద్దుమణిగింది. ‘నేను ఈ వాలులో పుట్టాను’ అన్న మాట దగ్గర ఎక్కడా దగ్గు కూడా వినబడలేదు. ఆవిడ పక్కన కూర్చున్న కొండ ముసలమ్మ కళ్లు తుడుచుకుని, “ఎవరి అబ్బాయమ్మా ఈయన?” అని అడిగింది. ఆవిడ ముసలమ్మ వైపు తిరిగి చెప్పబోయింది.

అంతలో చివరి రంగం వచ్చింది. “పో! పో!” అని ఊరివాళ్లు అరిచారు. జనం గొంతు కలిపారు. లారీ డ్రైవరు మూట ఎత్తుకుని మెట్లు దిగాడు. తాత మట్టి పట్టుకుని వేదిక మధ్యన నిలబడాలి. ఆయన మట్టి పట్టుకున్నాడు. ఆ అరుపు పెరిగింది, నేల అదిరింది, ముప్ఫై ఏళ్లుగా ఆ అరుపు వినబడగానే కదిలిన కాళ్లు మళ్లీ కదిలాయి. ఆయనకి తెలిసేసరికి మెట్లు దిగేసి ఉన్నాడు. జనం ఎప్పటిలాగే రెండు వైపులకీ జరిగారు. ముందు షావుకారు, వెనకాల పిడికిట్లో మట్టితో తాత. ఆగిపోవాలని ఆయన అనుకున్నాడు. తల దించుకుని, భుజం ముందుకు వంచి నడిచే ఆ నడక మాత్రం ఆగలేదు. ఆవిడ లేచి నిలబడింది, “ఏమయ్యా!” అంది. ఆ హోరులో ఎవరికి వినబడుతుంది?

కాపలాదారు కూడా పాత మనిషే. తనకి అలవాటైన మొహం గడప దాటగానే తలుపు మూసి, ధడాలుమని గడియ వేశాడు.

బయట మెట్ల మీద ఇద్దరే మిగిలారు.

“బాబాయ్, నువ్వెందుకొచ్చావ్?” అన్నాడు లారీ డ్రైవరు మూట దించకుండానే.

“తెలీదురా.”

“మరి లోపల పాట?”

ఆయన తలుపు మీద చెయ్యి వేశాడు. తట్టలేదు. లోపల గడియ చప్పుడు పడింది, వేదిక మధ్యన తాత లేడు. ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరసలన్నీ పాకింది. “తాత కూడా పోయాడ్రోయ్! కిందివాడు కిందికే పోయాడు!” ఆ నవ్వంతా తలుపు సందులోంచి బయటికి కారింది. తర్వాత ఉన్నట్టుండి నిశ్శబ్దం. చొక్కా లుంగీతో ఉన్న కమ్మరాయన తెర పక్క నుంచి వేదిక మీదికి వచ్చి, పోయిన గొంతుతోనే పాట ఎత్తుకున్నాడట. ఆ గుసగుస బయటికి వినబడలేదు. జనం అందుకున్నాకే వినబడింది. ఎప్పటిలాగే ఆయన బయట నిలబడి విన్నాడు. పిడికిలి విప్పితే మట్టి చెమటకి ముద్దయి ఉంది.

మర్నాడు మాస్టారి అమ్మాయి ఇంటికొచ్చింది. ఆవిడ టీ పెట్టింది.

“బాబాయ్, నీ మీద ఎవరికీ కోపం లేదు” అంది అమ్మాయి.

“కోపం ఉంటే బాగుండేదమ్మా.”

“తాతగా కమ్మరి మామయ్యే వేదికెక్కుతాడు. పెదవులు ఆడిస్తాడు, వెనక నుంచి ఇంకొకరు మాట చెబుతారు. ఆ డ్రైవరు షావుకారుగా అసలు పనికిరాడు. నువ్వు రాకపోతే పోటీలకి వెళ్లలేం. ఇంతకంటే ఎలా అడగాలో నాకు తెలియడం లేదు.” నేల చూపులు చూస్తూ అంది. “మా నాన్న నాయనమ్మ పొలం పోయింది నిజం. అది నువ్వు తీసుకోలేదన్నదీ నిజం. నాన్న మొదటిదే రాశాడు. రెండోది ఎలా రాయాలో నాకు రావడం లేదు. కానీ ఒకటి చేయగలను. ఈసారి గడియ వద్దని చెబుతాను. పాటయ్యాక నువ్వు లోపలికి వచ్చి మాతో పాటు వరసలో నిలబడు. నీ పేరు, మీ నాన్న పేరు నేనే పిలుస్తాను.”

ఆవిడ మొహం వెలిగింది. ఆయన వైపు చూసింది. ఆయన టంకం కడ్డీని చేతిలోకి తీసుకుని, మొన వంకరగా ఉందేమోనని వెలుతురుకి పెట్టి చూశాడు.

“గడియ లేకపోతే పాట లేవదమ్మా.”

“లేవకపోతే లేవకపోనీ బాబాయ్.”

“అలా అంటే ఎలా? నువ్వు పుట్టకముందు ఆ పాట ఎలా చచ్చేదో నేను విన్నాను. ఆ చప్పుడు పడ్డాక ఒక్క క్షణం ఊపిరి పట్టి, అప్పుడు లేస్తుంది పాట. వెళ్లగొట్టినవాడు మళ్లీ గుమ్మంలో కనబడితే లేచి నిలబడ్డ జనం కూర్చుంటారు. మీ నాన్న చెప్పింది సబబే. అక్కడికి వెళ్లేది పోటీకి. ఆట చెడగొట్టుకుని నా పేరు పిలిపించుకుంటానా?”

అమ్మాయి బతిమాలింది. ఆయన వినలేదు. తన చేత్తో తీర్చిదిద్దిన ఆట అది. దాన్ని తన కోసం తానే వంకర చేయడం ఆయన వల్ల కాలేదు. ఆ అమ్మాయి వెళ్లిపోయాక ఆవిడ గ్లాసులు కడిగి బోర్లించింది.

“ఇన్నాళ్లకి వాళ్లంతట వాళ్లు రమ్మంటే, నువ్వే వద్దన్నావు” అంది చివరికి.

“రమ్మన్నది ఆ పిల్ల. జనం కాదు.”

“ఆ పిల్ల జనం కాదా? నిన్న నా పక్కన ముసలమ్మ నువ్వు ఎవరి అబ్బాయివని అడిగింది, తెలుసా?”

ఆయన చేతిలో కడ్డీ ఆగింది. “ఏం చెప్పావ్?”

“చెప్పేలోపే నువ్వు మెట్లు దిగి నడిచావు.”

ప్రయాణం దగ్గర పడింది. ఆవిడ షావుకారు వేషం కోటు చిరుగులు కుట్టింది. మడత పెడుతూ, “కింద ఊళ్లో అందరూ కొండ నుంచి వచ్చిన కంపెనీ అంటారుగా. అక్కడైనా నువ్వు కొండవాడివవుతావు” అని నవ్వించబోయింది.

“అవుతాను. మన తాతల ఊరివాళ్లే నన్ను వేరే జాతివాడిలా చూస్తారు. ఆట అయ్యేదాకా చూసి, చివరికి వాళ్లూ పొమ్మంటారు” అన్నాడాయన, నవ్వకుండా.

వ్యాను వీధి చివర ఆగింది. కమ్మరాయన దిగి వచ్చి మూట అందుకోబోయాడు. “నా మూట నేనే మోయాలి బావా, అలవాటు తప్పితే కష్టం” అన్నాడీయన. ఇద్దరూ భుజాలు రాసుకుంటూ వెళ్లి వెనక సీట్లో కూర్చున్నారు. ముందు సీట్లో మాస్టారి అమ్మాయి ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగింది. ఆయన తాత రాళ్లు కొట్టిన రోడ్డు మీదుగా వ్యాను కిందికి దిగింది.

ఆ మధ్యాహ్నం కొండ ఆడమనిషి ఒకావిడ కారుతున్న బకెట్టు పట్టుకుని వచ్చింది. మూసి ఉన్న కొట్టు చూసి, కుట్టు మిషను దగ్గర కూర్చున్న ఆవిడతో ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది.

“షావుకారు... వెళ్లిపోయాడా?”

ఆవిడ మిషను ఆపింది. తనకి వచ్చినంత కొండ భాషలో, తొందర లేకుండా జవాబిచ్చింది.

“వెళ్లిపోలేదమ్మా. ఆటకి వెళ్లాడు. బకెట్టు ఇక్కడ పెట్టి వెళ్లు. వచ్చే నెల పద్నాలుగో తారీఖు, గురువారం పొద్దుట వస్తాడు.”